ఆట బతుకుతెరువు అవుతుందా?



"పెద్దయ్యాక ఏమవుతావు?" అని హాస్టల్ పిల్లల్ని అడిగితే ఒకప్పుడు వచ్చే జవాబులు నాలుగే. టీచరు, పోలీసు, డాక్టరు, కలెక్టరు. ఇప్పుడు ఐదో జవాబు కూడా వినిపిస్తోంది: "గేమర్ నవుతా." సెల్ ఫోన్ లో ఆటలాడి డబ్బు సంపాదిస్తానని, దేశం తరపున ఆడతానని పిల్లవాడు చెబితే పెద్దవాళ్లు కొందరు నవ్వుతున్నారు, కొందరు తిడుతున్నారు. నవ్వినా తిట్టినా పిల్లవాడికి జవాబు చెప్పినట్టు కాదు. వాడు అడిగేది న్యాయమైన ప్రశ్న. ఆట బతుకుతెరువు అవుతుందా? అయితే ఎవరికి అవుతుంది? ఎంతకాలం అవుతుంది? మనలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు అందులో చోటు ఉందా? ఈ ప్రశ్నల మీద పూర్వ విద్యార్థులుగా మా అభిప్రాయం ఈ సంచికలో మీ ముందు పెడుతున్నాం.

ఆట వేరు, జూదం వేరు

ముందు మాటలు సరిచేసుకుందాం. ఫోన్ లో ఆడేదంతా ఒకటే అనుకోవడం వల్ల సగం గందరగోళం వస్తోంది. ఇందులో ముగ్గురు మనుషులున్నారు. మొదటివాడు పోటీ ఆటగాడు. వాడికి ఒక జట్టు, ఒక శిక్షకుడు, ఒప్పంద పత్రం, జీతం ఉంటాయి. పెద్ద టోర్నమెంట్లలో ఆడి బహుమతి గెలుస్తాడు. దీన్నే ఈ-స్పోర్ట్స్ అంటున్నారు. రెండోవాడు ఆడుతూ నలుగురికీ చూపించేవాడు. యూట్యూబ్ లో వాడి ఆటను జనం చూస్తారు, ప్రకటనల మీద వాడికి డబ్బు వస్తుంది. వాడి పని ఒక రకంగా సినిమావాళ్ల పని. మూడోవాడు డబ్బు కట్టి ఆడేవాడు. రమ్మీ, రంగుల పందెం, క్రికెట్ బెట్టింగు ఇవన్నీ ఆ కోవలోవి. ఈ మూడోవాడిని కూడా కంపెనీలు ఇన్నాళ్లూ "ఆటగాడు" అనే పిలిచాయి. మోసం అంతా ఆ పిలుపులోనే ఉంది.

తేడా తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. డబ్బు ఎటు నుంచి ఎటు పోతోంది? ఆటగాడికి ఎవరో డబ్బు ఇస్తారు. జూదగాడు ఎవరికో డబ్బు ఇస్తాడు. ఆడటం మొదలుపెట్టిన నాటి నుంచి నేటి దాకా లెక్క రాసుకుంటే తానెవరో ఎవరికి వారికే తెలిసిపోతుంది.

ప్రభుత్వాలకు ఈ తేడా గుర్తించడానికి సమయం పట్టింది. తెలంగాణ 2017లో, మన ఆంధ్రప్రదేశ్ 2020లో జూద నిరోధక చట్టాలను సవరించి ఆన్ లైన్ రమ్మీలాంటి పందేలను నిషేధించాయి. 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్ ను క్రీడల శాఖ పరిధిలోకి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్ లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టాన్ని ఆమోదించింది. ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకం అయింది. ఆ చట్టం రెండు పనులు చేసింది. ఈ-స్పోర్ట్స్ ను క్రీడగా గుర్తించింది. డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆటలను, అవి నైపుణ్యంతో ఆడేవైనా అదృష్టంతో ఆడేవైనా, నిషేధించింది. అలాంటి ఆట నడిపినవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పెట్టింది. ఆడి నష్టపోయినవాడిని మాత్రం నేరస్థుడిగా చూడలేదు. ఇది మంచి విషయమే. ఎందుకంటే మన ఊళ్లలో ఇలాంటి ఆటల్లో పడి కూలి డబ్బులు, ఫైనాన్సులో తెచ్చిన అప్పు పోగొట్టుకున్న పిల్లలు దొంగలు కారు. వాళ్లు మోసపోయినవాళ్లు.

ఆటకూ జూదానికీ మధ్య ఈ గీత మనకు కొత్తది కాదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1924లో బొంబాయిలో బహిష్కృత హితకారిణి సభ స్థాపించి, మరుసటి ఏడు షోలాపూర్ లో పిల్లలకు హాస్టల్ తెరిపించారు. అదే సభ బొంబాయిలో ఉచిత పఠన మందిరం నడిపింది, ఒక హాకీ క్లబ్బు కూడా నడిపింది. దళిత యువకుల మనసు జూదం మీదికి, తాగుడు మీదికి పోకుండా ఉండటానికి ఆ క్లబ్బు. అంటే హాస్టలు, పుస్తకం, ఆట మూడూ ఒకే చేతి నుంచి మనకు అందాయి. "హాస్టల్ పిల్లలకు ఆటలెందుకు, చదివితే చాలు" అనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన తెలుగువాడు ఒకడు

ఈ-స్పోర్ట్స్ అంటే తుపాకులతో కాల్చుకునే ఆటలే అని చాలామంది అనుకుంటారు. 2025లో సౌదీ అరేబియా రాజధాని రియాద్ లో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచకప్ లో మొదటిసారి చదరంగాన్ని చేర్చారు. పదహారు మంది ఆటగాళ్లు, మొత్తం 15 లక్షల డాలర్ల బహుమతి, గెలిచినవాడికి రెండున్నర లక్షల డాలర్లు. అంటే మన లెక్కలో రెండు కోట్లకు పైమాటే. వేదిక మీద ఎదురెదురుగా కంప్యూటర్ల ముందు కూర్చుని ఆడారు. ఒక్కొక్కరికి పది నిమిషాలే సమయం. ఎత్తు వేసినందుకు అదనంగా ఒక్క సెకను కూడా కలపరు.

ఆ పోటీలో నాలుగో స్థానంలో నిలిచినవాడు మన వరంగల్ బిడ్డ అర్జున్ ఇరిగేశి. సెమీఫైనల్ దాకా వెళ్లి, మూడో స్థానం కోసం జరిగిన పోరులో అమెరికా ఆటగాడు హికారు నకమురా చేతిలో ఓడాడు. టైటిల్ నార్వే దిగ్గజం మాగ్నస్ కార్ల్సన్ గెలిచాడు. అర్జున్ అక్కడ ఆడింది జెన్.జి అనే కొరియా ఈ-స్పోర్ట్స్ జట్టు తరపున. కేరళకు చెందిన నిహాల్ సరీన్ ను మన దేశపు ఈ-స్పోర్ట్స్ సంస్థ ఎస్8యూఎల్ తీసుకుంది. కాబట్టి "తెలుగువాడు ఎవడైనా ఈ-స్పోర్ట్స్ ఆటగాడుగా జీతం తీసుకుంటున్నాడా?" అని అడిగితే, ఉన్నాడు. అయితే వాడి చేతిలో ఉన్నది తుపాకీ కాదు, గుర్రం, ఏనుగు, బంటు.

అర్జున్ దారి చూస్తే ఈ బతుకుతెరువు ఎలా తయారవుతుందో అర్థమవుతుంది. 2003లో పుట్టాడు. 2018లో పదిహేనేళ్లు నిండకముందే గ్రాండ్ మాస్టర్ అయ్యాడు, దేశంలో 54వ వాడు. ఆ తర్వాత పేరు ఒక్కసారిగా వినిపించలేదు. 2022 మొదట్లో నెదర్లాండ్స్ లో టాటా స్టీల్ చాలెంజర్స్, అదే ఏడు జాతీయ చాంపియన్ షిప్ గెలిచాక అందరూ తలతిప్పి చూశారు. 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్ ఒలింపియాడ్ లో భారత్ మొదటిసారి బంగారు పతకం గెలిచినప్పుడు, మూడో బోర్డు మీద పదకొండు ఆటల్లో పది పాయింట్లు తెచ్చి వ్యక్తిగత స్వర్ణం కూడా అందుకున్నాడు. ఆ డిసెంబరులో 2800 రేటింగు దాటాడు. భారతదేశంలో విశ్వనాథన్ ఆనంద్ తర్వాత ఆ గీత దాటినది అతనే. 2025 డిసెంబరులో దోహాలో ప్రపంచ ర్యాపిడ్, బ్లిట్జ్ పోటీలు రెండింటిలోనూ కాంస్యం తెచ్చాడు.

ఇంత ఆటగాడికి పెద్ద ఆర్థిక అండ ఎప్పుడు దొరికింది? 2024లో. క్వాంట్ బాక్స్ అనే సంస్థ ఐదేళ్లకు 15 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అంటే గ్రాండ్ మాస్టర్ అయిన ఆరేళ్లకు. అప్పటిదాకా ఇల్లే అండ. తండ్రి నాడీ శస్త్రచికిత్స వైద్యుడు. గ్రాండ్ మాస్టర్ కావాలంటే 2500 రేటింగుతో పాటు మూడు నార్మ్ లు తెచ్చుకోవాలి. దానికి విదేశీ ఆటగాళ్లతో, గ్రాండ్ మాస్టర్లతో ఆడాలి. విమానం టికెట్లు, హోటలు, కోచ్ ఫీజు కట్టుకోవాలి. అర్జున్ ప్రతిభను మేము తక్కువ చేయడం లేదు. ప్రతిభ పండటానికి ఆరేళ్లు నీళ్లు పోసే చెయ్యి ఉండాలని మాత్రం చెబుతున్నాం. మన పడమటి ప్రకాశం రైతుకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. విత్తనం మంచిదైనా కాలువకు నీళ్లు రాకపోతే ఏమవుతుందో ఇక్కడ అందరికీ తెలుసు.

లెక్క వేసి చూద్దాం

ఇక తుపాకుల ఆటల సంగతి. 2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్ లను నిషేధించింది. వాటిలో పబ్జీ ఉంది. ఆ ఆట మీదే జీతాలు తీసుకుంటున్న జట్లు, శిక్షకులు, చదువు మానేసి సాధన చేస్తున్న పిల్లలు ఒక్క రోజులో ఖాళీ అయ్యారు. మరుసటి ఏడు జూలైలో అదే ఆట బీజీఎంఐ అనే పేరుతో తిరిగి వచ్చింది. 2022 జూలైలో మళ్లీ తీసేశారు. 2023 మేలో మళ్లీ వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ కూ అదే గతి పట్టింది. నిషేధానికి కారణాలు ఉండవచ్చు, మేము వాటి జోలికి పోవడం లేదు. మేము చెప్పేది ఒకటే. కబడ్డీని ఎవరూ ఒక ఉత్తర్వుతో మాయం చేయలేరు. గీత గీసుకుంటే ఆట మొదలవుతుంది. కంపెనీ తయారుచేసిన ఆటకు ఒక యజమాని ఉంటాడు. ఆ యజమాని మూసేస్తే, లేదా ప్రభుత్వం మూయిస్తే, పదేళ్ల సాధన ఉన్నా చేతిలో ఏమీ మిగలదు.

గెలిచినవాళ్ల సంగతి కూడా చూద్దాం. గుజరాత్ లోని భుజ్ కు చెందిన తీర్థ్ మెహతా 2018 జకార్తా ఆసియా క్రీడల్లో హార్త్ స్టోన్ అనే ఆటలో కాంస్యం గెలిచాడు. కానీ ఆ ఏడు ఈ-స్పోర్ట్స్ ప్రదర్శన క్రీడ మాత్రమే. అందుకే దేశం పతకాల పట్టికలో ఆ కంచు చేరలేదు. 2022లో బర్మింగ్ హామ్ లో జరిగిన కామన్వెల్త్ ఈ-స్పోర్ట్స్ పోటీల్లో మన డోటా జట్టు కాంస్యం తెచ్చింది. 2023లో హాంగ్ జౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్ కు మొదటిసారి అసలు పతకాలు ఇచ్చారు. అక్కడ మన లీగ్ ఆఫ్ లెజెండ్స్ జట్టు క్వార్టర్ ఫైనల్ లో వియత్నాం చేతిలో ఓడింది. ఆ ఆటలో బంగారం కొరియాకు వెళ్లింది.

కొరియా ఎందుకు గెలిచింది? అక్కడ 2000 నాటికే ఈ-స్పోర్ట్స్ కు సంఘం ఏర్పడింది. గంటకు ఇంత అని కడితే కంప్యూటరు దొరికే గదులు వీధి వీధినా వెలిశాయి. ఇంట్లో కంప్యూటరు లేని పిల్లవాడు కూడా అక్కడికి వెళ్లి ఆడగలిగాడు. పెద్ద పెద్ద టెలిఫోన్ కంపెనీలు జట్లను పోషించాయి. ఆ జట్లలో పెరిగినవాడే ఫేకర్ అని పిలిచే లీ సాంగ్ హ్యోక్. తండ్రి, నానమ్మ పెంచిన పిల్లవాడు. హైస్కూలు మధ్యలో వదిలి 2013లో ఆటలోకి వచ్చాడు. 2025 నాటికి ఆరుసార్లు ప్రపంచ విజేత. ఇది విని "చూశారా, చదువు మానేసినా గొప్పవాడయ్యాడు" అని మన తమ్ముళ్లలో ఎవరైనా అనవచ్చు. అనేముందు ఇంకో సంగతి వినాలి. ఆ జట్లలోని ఆటగాళ్లు చాలాకాలం ఒకే ఇంట్లో ఉండి, ఒకే చోట తిని, రోజుకు పది గంటలకు పైగా సాధన చేసేవారు. గంట కొడితే లేవాలి, గంట కొడితే కూర్చోవాలి. అదీ ఒక హాస్టలే. మన హాస్టల్ కన్నా కఠినమైన హాస్టల్. అంత చేసినా చాలామంది పాతికేళ్లు నిండేసరికి ఆట మానేస్తారు. మణికట్టు నొప్పి, కంటి బాధ, నిద్రలేమి, వెనక నుంచి తోసుకొచ్చే పదహారేళ్ల పిల్లలు. దాదాపు ముప్పై ఏళ్ల వయసులోనూ గెలుస్తున్న ఫేకర్ ను అందరూ వింతగా చూస్తున్నది అందుకే. ఒక్కడి పేరు మనకు తెలుసు. వాడి పక్కన కూర్చుని ఆడి, ఇరవై మూడేళ్లకు ఇంటికి పోయినవాళ్ల పేర్లు తెలియవు.

శిఖరం మీద కూడా చోటు తక్కువే. ప్రపంచ చదరంగ కిరీటం కోసం పోటీపడే క్యాండిడేట్స్ టోర్నీలో కుర్చీలు ఎనిమిది. అర్జున్ 2024లో ఆ కుర్చీ కొద్దిలో పోగొట్టుకున్నాడు. 2025లో గోవాలో జరిగిన ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ లో చైనా ఆటగాడు వెయ్ యీ చేతిలో ఓడటంతో 2026 టోర్నీలోనూ చోటు దక్కలేదు. 2800 దాటినవాడి పరిస్థితే అది. అయినా అతను కుంగిపోలేదు. నెల తిరగ్గానే దోహాలో రెండు పతకాలు తెచ్చాడు. ఆటగాడి బతుకంటే అదీ. గెలుపు ఒక రోజు వార్త. ఓటమి మరునాడు మళ్లీ బల్ల ముందు కూర్చోవడం రోజువారీ పని.

మన దారి ఎక్కడుంది?

ఇదంతా చదివి "అయితే మనకు కాదులే" అని పేజీ తిప్పేయకండి. మేము చెప్పదలచుకున్నది అది కాదు. చూసి అడుగు వేయమంటున్నాం.

పెద్ద ఫోను, వేగంగా నడిచే నెట్టు, ఖరీదైన కంప్యూటరు ఉంటేనే సాగే ఆటల్లో మన పిల్లలు మొదటి రోజు నుంచే వెనక ఉంటారు. ఆ ఫోను కొనమని మిరపకాయలు కోసి వచ్చిన అమ్మను పీడించడం తప్పు. కానీ ఈ-స్పోర్ట్స్ ప్రపంచకప్ దాకా వెళ్లే ఒక ఆటకు మాత్రం ఫోను కూడా అక్కర్లేదు. అరవై నాలుగు గళ్లు గీయడానికి సుద్దముక్క చాలు. మార్కాపురం పలక ఉన్న ఇంట్లో చదరంగం బల్ల ఉన్నట్టే. మన తాతలు రచ్చబండ రాళ్ల మీద పులి-మేక గళ్లు గీసుకుని, చింతగింజలతో, గులకరాళ్లతో ఆడుకున్నవాళ్లే. ఎత్తుకు పై ఎత్తు ఆలోచించడం మన ఊళ్లకు కొత్త విద్య కాదు. దానికి పాయింట్లు, పుస్తకం, గడియారం, పోటీ లేకపోవడమే కొరత.

దారి దూరం కూడా కాదు. మన కురిచేడు స్టేషన్ లో రైలెక్కితే గుంటూరులో దిగుతాం. పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక ఆ గుంటూరు వాళ్లే. హరికృష్ణ 2001లో, హారిక 2011లో గ్రాండ్ మాస్టర్లు అయ్యారు. 2022లో చెన్నై ఒలింపియాడ్ లో హారిక నిండు గర్భిణిగా ఆడి జట్టుకు కాంస్యం తేవడంలో భాగమైంది. 2024లో బుడాపెస్ట్ లో మహిళల జట్టు బంగారం గెలిచినప్పుడు మొదటి బోర్డు ఆమెదే. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్ మాస్టర్ అయింది. 2019లోనూ, మళ్లీ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్. ఆమెకు నేర్పడానికి తండ్రి తన ఉద్యోగమే వదులుకున్నారు. ఓఎన్ జీసీ ఆమెకు ఉద్యోగం ఇచ్చింది. చెల్లెళ్లు ఈ మాట ప్రత్యేకంగా గమనించాలి. ఈ ఆటలో మన రాష్ట్రం పేరు ముందుగా నిలబెట్టినవాళ్లలో ఇద్దరు ఆడపిల్లలే.

"వాళ్లకు తల్లిదండ్రులు ఉన్నారు, డబ్బు ఉంది, మాకెవరున్నారు?" అని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్నకు 2014 మే 25 జవాబు చెప్పింది. ఆ రోజు సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు ఇద్దరు, నిజామాబాద్ జిల్లా మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా సాధనపల్లి ఆనంద్ కుమార్, ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వాళ్ల ఇళ్లలో ఎవరూ మంచు చూసినవాళ్లు కారు. మరి ఎలా ఎక్కారు? గురుకులాల సంస్థ వాళ్లను ఎంపిక చేసింది. భువనగిరి గుట్ట మీద రాళ్లెక్కడం నేర్పింది. డార్జిలింగ్ పంపింది, లడాఖ్ చలిలో నిలబెట్టింది, శిక్షకుణ్ణి ఇచ్చింది, బూట్లు, దుస్తులు, ఖర్చు అన్నీ పెట్టుకుంది. అర్జున్ కు తండ్రి చేసిన పని, హంపికి తండ్రి చేసిన పని, ఆ ఇద్దరికీ ఒక ప్రభుత్వ సంస్థ చేసింది. హాస్టల్ పిల్లవాడికి తల్లీ తండ్రీ స్థానంలో ప్రభుత్వం ఉంటుందని మనం సభల్లో చెప్పుకుంటాం. అలా ఉంటే ఏమవుతుందో ఆ శిఖరం మీద కనబడింది. ఎవరెస్టుకు సాధ్యమైనది ఒక చదరంగం బల్లకు ఎందుకు సాధ్యం కాదు?

ఎవరేం చేయాలి?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు మీకు. "నేను ఆటగాణ్ణవుతా" అని చెప్పేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. డబ్బు నా నుంచి పోతోందా, నాకు వస్తోందా? నా ఆటకు కాగితం మీద రుజువు ఉందా? అంటే మండలంలో, జిల్లాలో, రేటింగు జాబితాలో నేనెక్కడ ఉన్నాను? స్నేహితుడు "నువ్వు తోపు" అంటే అది రుజువు కాదు. మూడోది, రేపు ఈ ఆట ఆగిపోతే నా చేతిలో ఏముంటుంది? మూడింటికీ జవాబు ఉన్నవాడిని ఆపే హక్కు ఎవరికీ లేదు. జవాబు లేనివాడు పదో తరగతి, ఇంటరు వదిలేసి ఆట వెంట పరుగెత్తడం ఆత్మవిశ్వాసం కాదు, అది కూడా ఒక జూదమే. పందెంలో పెట్టింది డబ్బు కాదు, చదువు. అర్ధరాత్రి దుప్పటి కప్పుకుని ఫోన్ వెలుగులో ఆడే ఆట సాధన అనిపించుకోదు. సాధనకు వేళ ఉంటుంది, తప్పులు రాసుకునే నోటు పుస్తకం ఉంటుంది. ఓడిన ఆటను మళ్లీ పెట్టి చూసుకునే ఓపిక ఉంటుంది. చూస్తే చదువుకు కావలసినవీ ఇవే.

తల్లిదండ్రులకు, గురువులకు మా మనవి. ఫోను లాక్కోవడంతో, చెయ్యి చేసుకోవడంతో సమస్య తీరదు. పిల్లవాడు ఏం ఆడుతున్నాడో ఒకసారి పక్కన కూర్చుని అడగండి. డబ్బు కట్టే ఆట అయితే వెంటనే ఆపించండి. ఆలోచన పెంచే ఆట అయితే వేళ పెట్టండి. దాచుకుని ఆడే పిల్లవాడు అప్పు కూడా దాచుకుని చేస్తాడు. చెప్పుకునే చోటు ఉన్న పిల్లవాడు మొదటి వంద రూపాయలు పోయిన రోజే చెబుతాడు.

సంక్షేమ శాఖ పెద్దలకు మా విన్నపాలు పెద్దవి కావు. ప్రతి హాస్టల్ కు ఐదు చదరంగం బల్లలు, రెండు పోటీ గడియారాలు, తెలుగులో ఒక చదరంగం పుస్తకం. ఆదివారం రెండు గంటలు ఆటకు కేటాయింపు. కంప్యూటరు ఉన్నచోట దానికి తాళం వేసి ఉంచకుండా, ఆ రెండు గంటలు పెద్దల సమక్షంలో తెరవడం. డబ్బు, ప్రకటనలు లేకుండా ఉచితంగా చదరంగం ఆడుకునే లీచెస్ లాంటి చోట్లు ఉన్నాయి. ఇక్కడ కూర్చునే బయటి దేశం పిల్లవాడితో ఆడవచ్చు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో చదరంగం ఉంది. హాస్టల్ నుంచి ఎంపికైన పిల్లవాడికి జిల్లా పోటీకి పోయివచ్చే బస్సు చార్జీ, భోజనం ఖర్చు ఇప్పించాలి. ప్రతిభ ఉండీ చార్జీలు లేక ఇంటి దగ్గర ఆగిపోవడం ఏమిటో మాలో కొందరికి అనుభవమే. ఆ అనుభవం మీకు రాకూడదు.

చివరికి మాకు మేము చెప్పుకునే మాట. పూర్వ విద్యార్థులం ప్రతి ఏడూ వస్తాం, దండలు వేయించుకుంటాం, రెండు మాటలు చెప్పి పోతాం. ఇకపై తలా ఒక రోజు జీతం వేసుకుందాం. ఆ డబ్బుతో ఒక బల్ల, ఒక గడియారం, ఒక పిల్లవాడి టోర్నమెంటు ఫీజు వస్తాయి. హైదరాబాద్ లో, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు వారానికి ఒక గంట నెట్ లో మన పిల్లలతో ఆడవచ్చు. అందరూ గ్రాండ్ మాస్టర్లు కారు. అక్కర్లేదు కూడా. ఒకరు శిక్షకుడవుతారు, ఒకరు పోటీల్లో తీర్పరి అవుతారు. ఇంకొకరు ఆటలు తయారుచేసే ప్రోగ్రామింగ్ నేర్చుకుంటారు. మిగతావాళ్లు కనీసం తొందరపడకుండా ఆలోచించడం నేర్చుకుంటారు. పరీక్ష హాలులోనూ, పెళ్లి చూపుల్లోనూ, అప్పు పత్రం మీద సంతకం పెట్టేటప్పుడూ పనికివచ్చే విద్య అది.

చదరంగంలో బంటు చివరి గడి చేరితే మంత్రి అవుతుంది. ఈ మాట సభల్లో అందరూ చెబుతారు. ఆడినవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. బంటు ఒంటరిగా పోతే నాలుగో గడిలోనే పోతుంది. వెనక ఒక ఏనుగు కాపు ఉండాలి. ముందుకు నడవాల్సింది మీరు. వెనక నిలబడాల్సింది ప్రభుత్వం, గురువులు, మేము. మీరు ఎత్తు వేయండి. మేము మా చోటు వదలం.

— పూర్వ విద్యార్థులు, కురిచేడు